జర్మనీయా, జపానా, గల్ఫా? నర్సింగ్, ఐటీఐ చేసినవాళ్లు ఎటు వెళ్లాలి

గుంటూరు బ్రాడీపేటలో నడిచినా, విజయవాడ గవర్నర్‌పేటలో నడిచినా ఇప్పుడు జర్మన్ నేర్పిస్తాం, జపాన్ పంపిస్తాం అనే బోర్డులు కనిపిస్తున్నాయి. బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం చేసినవాళ్లు, ఐటీఐ చేసినవాళ్లు, ఇంటర్ అయ్యాక ఏం చెయ్యాలో తేల్చుకోలేనివాళ్లు, వాళ్లతోపాటు ఫీజు కట్టాల్సిన అమ్మానాన్నలు ఆ మెట్లెక్కి దిగుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నా. సాఫ్ట్‌వేర్ వాళ్ల లెక్క వేరు, అది ఇక్కడ కలపడం లేదు.

ముందు నా మాట చెప్పేస్తాను. మొదటి నెల జీతం చూసి దేశాన్ని ఎంచుకోకండి. ఆరో ఏడాది అక్కడ మీ పరిస్థితి ఏంటో అడగండి. అప్పటికి మీ చదువుకి విలువ ఉంటుందా, భార్యో భర్తో పక్కన ఉండొచ్చా, యజమాని పొమ్మంటే దేశం కూడా పొమ్మంటుందా? ఈ ప్రశ్నలకి మూడు చోట్లా మూడు రకాల జవాబులు ఉన్నాయి, తేడా అంతా అక్కడే ఉంది.

అసలు వాళ్లకి మన అవసరం నిజంగా ఉందా అని చాలామందికి అనుమానం. ఉంది, అది ఏజెంట్లు పుట్టించిన మాట కాదు. జనాభా తగ్గకుండా ఉండాలంటే ఒక్కో మహిళకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. 2024లో ఆ సగటు జర్మనీలో 1.35, జపాన్‌లో 1.15, దక్షిణ కొరియాలో 0.75. జపాన్ మొత్తం మీద ఆ ఏడాది పుట్టిన పిల్లలు 7 లక్షల లోపే, మరోపక్క ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 దాటినవాళ్లు. యుద్ధం అయ్యాక 1947-49 మధ్య అక్కడ పెద్ద సంఖ్యలో పుట్టినవాళ్లు 2025కల్లా 75 దాటేశారు. జర్మనీలో కూడా 1950ల చివర, 60లలో పుట్టిన పెద్ద తరం ఇప్పుడు వరసగా రిటైర్ అవుతోంది. రేపటి నుంచే ఇళ్లనిండా పిల్లలు పుట్టినా వాళ్లు పనిలోకి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, అంతవరకు ముసలివాళ్లని లేపి కూర్చోబెట్టడానికి, మందులివ్వడానికి, బస్సు నడపడానికి బయటివాళ్లు రావాల్సిందే. అందుకే జర్మనీ 2024 అక్టోబరులో మనదేశం నుంచి నైపుణ్యం ఉన్నవాళ్లకి ఇచ్చే వీసాలని ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకి పెంచుతానంది. జపాన్ 2025 ఆగస్టులో ఐదేళ్లలో మన దగ్గర్నుంచి 50 వేల మందిని తీసుకోవాలని మన ప్రభుత్వంతో కలిసి లక్ష్యం పెట్టుకుంది.

కానీ అవసరం ఉంది కాబట్టి మనల్ని ఉంచుకుంటారు అనుకోవద్దు. ఇదే చాలామంది గమనించని విషయం. పశ్చిమ జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికులని రప్పించుకుంది, 1973 నవంబరులో చమురు సంక్షోభం రాగానే నియామకాలు ఆపేసింది, 1983లో పని పోయిన విదేశీ కార్మికులకి 10,500 మార్కులు ఇచ్చి సొంత దేశాలకి వెళ్లిపోమంది. జపాన్ 1990లో చట్టం మార్చి బ్రెజిల్‌లో స్థిరపడిన జపాన్ సంతతి వాళ్లని ఫ్యాక్టరీలకి పిలిచింది, 2009లో మాంద్యం వచ్చాక మనిషికి 3 లక్షల యెన్లు చేతిలో పెట్టి, మళ్లీ అదే వీసా మీద రాకూడదనే షరతుతో పంపించింది. బ్రిటన్ సంగతి ఇంకా తాజా. 2022 ఫిబ్రవరిలో వృద్ధుల సంరక్షణ పనికి వీసా తెరిచారు, 2024 మార్చిలో కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు, 2025 జులైలో ఆ పనికి బయటి దేశాల నుంచి కొత్తవాళ్లని తీసుకోవడమే ఆపేశారు. ఈ మూడు సందర్భాల్లోనూ ఆ దేశాల్లో జననాల రేటు పెరిగిందేమీ లేదు.

కొరియా నర్సుల కథ నాకు చాలా ఇష్టం. 1960లు, 70లలో పేద దేశంగా ఉన్న దక్షిణ కొరియా నుంచి పదివేల మందికి పైగా నర్సులు పశ్చిమ జర్మనీకి వెళ్లారు, గని కార్మికులు మరో 8 వేల మంది దాకా. 1970ల చివర్లో వాళ్లని వెనక్కి పంపే ప్రయత్నం జరిగితే ఆ నర్సులే సంతకాలు సేకరించి, పోరాడి, అక్కడ ఉండిపోయే హక్కు సంపాదించుకున్నారు. ఆ హక్కు మనకి చట్టంలో ముందే రాసి ఉందా లేదా అన్నదే నేను పైన అడగమన్న ప్రశ్న.

జర్మనీ: ఆలస్యం, కష్టం, కానీ దారి చివరిదాకా ఉంది

బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం చేసినవాళ్లకి నేను మొదట చెప్పేది జర్మనీయే. మన డిగ్రీని వాళ్లు నేరుగా ఒప్పుకోవడం అరుదు, మీ సిలబస్‌నీ క్లినికల్ గంటలనీ లెక్కేసి ఏవి తక్కువో ఒక ఉత్తరం ఇస్తారు, దీన్నే మనవాళ్లు డెఫిజిట్ లెటర్ అంటున్నారు. అక్కడికి వెళ్లాక ఆ తక్కువైనవి అడాప్టేషన్ కోర్సుతో పూర్తి చెయ్యొచ్చు, లేదా ఒక పరీక్ష రాసి తేల్చుకోవచ్చు. అది అయ్యేవరకు మీరు సహాయకురాలిగానే పనిచేస్తారు, జీతం కూడా ఆ లెక్కే. మధ్యలో వచ్చే ఈ కాలం చాలామందిని కుంగదీస్తుంది. ఇక్కడ ఐసీయూ చూసినవాళ్లు అక్కడ కొన్ని నెలలపాటు స్నానం చేయించడం, పక్కలు మార్చడమే చేస్తారు. ఇది ముందే తెలిసి వెళ్తే తట్టుకోవచ్చు, తెలియకుండా వెళ్తే మోసపోయామనిపిస్తుంది.

డబ్బు లెక్క చూద్దాం. వృద్ధుల సంరక్షణ రంగంలో 2025 జులై నుంచి గుర్తింపు పొందిన నర్సుకి గంటకి కనీసం 20.50 యూరోలు, సహాయకులకి 16.10 యూరోలు. నర్సుకి నెలకి సుమారు 3,400 యూరోలు వస్తుంది. పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా కలిపి ఒంటరివాళ్లకి మూడో వంతు దాకా కోత పడుతుంది. అద్దె, తిండి, రవాణా పోను నెలకి ఏడెనిమిది వందల యూరోలు మిగిలితే బాగా మిగిలినట్టే. యూరోని వంద రూపాయలతో హెచ్చవేసి మూడు లక్షల నలభై వేలు వస్తాయి అని చెప్పేవాళ్ల మాటతో అప్పు చెయ్యకండి.

ఇక ఆరో ఏడాది సంగతి. గుర్తింపు వచ్చి నర్సుగా మూడేళ్లు పనిచేసి, పెన్షన్ కట్టి, జర్మన్ భాషలో బీ1 (మధ్య స్థాయి) ఉంటే శాశ్వత నివాసం అడగొచ్చు, 2023 నవంబరు దాకా దీనికి నాలుగేళ్లు పట్టేది. ఐదేళ్లు ఉంటే పౌరసత్వానికి అర్హత వస్తుంది, అయితే మన పాస్‌పోర్టు వదులుకోవాలి. జీవిత భాగస్వామి భాషలో ఏ1 (మొదటి స్థాయి) పాసై రావొచ్చు, వచ్చిన రోజు నుంచే పనిచేసుకోవచ్చు. పిల్లలు పుడితే ఒక్కొక్కరికి నెలకి 255 యూరోలు ప్రభుత్వం ఇస్తుంది, ఇది 2025 రేటు. ప్రభుత్వ స్కూళ్లలో ఫీజు ఉండదు. పిల్లలు తక్కువైన దేశం కాబట్టి పిల్లలున్న కుటుంబానికి చోటిస్తోంది, ఆ చోటు మనకి కూడా వర్తిస్తోంది. పోలికలో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించేది ఇదే.

ఇంటర్ పూర్తయి పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది, ఔస్‌బిల్డుంగ్. మూడేళ్లు అక్కడే నర్సింగ్ నేర్చుకుంటూ నెలకి 1,300 యూరోల పైన స్టైపెండ్ తీసుకోవచ్చు. బతకడానికి సరిపోతుంది, ఇంటికి పంపడానికి పెద్దగా మిగలదు. కానీ చేతికొచ్చే డిప్లొమా వాళ్లదే కాబట్టి డెఫిజిట్ గొడవ లేదు. ఏఎన్‌ఎం చేసినవాళ్లకి కూడా ఇదే మేలు, ఎందుకంటే ఏఎన్‌ఎంని అక్కడ నర్సుగా లెక్కించరు. ఇక్కడ ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్ల ఫీజు కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉన్నవాళ్లు ఒక్కసారి ఆగి ఈ దారి గురించి విచారించండి.

కష్టం భాష. నర్సుగా గుర్తింపు రావాలంటే చాలా రాష్ట్రాల్లో బీ1 పైన ఉండే బీ2 స్థాయి కావాలి. ఉద్యోగం చేసుకుంటూ చదివితే ఏడాదిన్నర అనుకోండి. మూడు నెలల్లో బీ1 గ్యారంటీ అనే చోట డబ్బు కట్టొద్దు. ఇంకొకటి, ఖాళీలు ఉండేది బెర్లిన్‌లో, మ్యూనిక్‌లో మాత్రమే కాదు, కుర్రవాళ్లు వదిలేసి వెళ్లిన చిన్న ఊళ్లలో, తూర్పు జర్మనీలో కూడా. తూర్పు జర్మనీలో వలసల్ని వ్యతిరేకించే పార్టీకి ఓట్లు పెరుగుతున్నాయి, తురింగియా రాష్ట్ర ఎన్నికల్లో 2024లో ఆ పార్టీయే మొదటి స్థానంలో వచ్చింది. ఆఫర్ లెటర్‌లో ఊరి పేరు చూసి, ఆ ఊళ్లో మనవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని, వాళ్లతో మాట్లాడాకే సంతకం పెట్టండి.

జపాన్: తొందరగా వెళ్లొచ్చు, కానీ ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉంటుంది

2019 ఏప్రిల్‌లో జపాన్ స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అనే వీసా తెచ్చింది, 2021 జనవరిలో మనదేశంతో దీనిమీద ఒప్పందం చేసుకుంది. డిగ్రీ అక్కర్లేదు. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 (కింది నుంచి రెండో స్థాయి) గానీ దానికి సమానమైన జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి, ఆ రంగపు నైపుణ్య పరీక్ష రాయాలి, వృద్ధుల సంరక్షణకైతే ఆ పనికి సంబంధించిన భాషా పరీక్ష మరొకటి. 2024లో డ్రైవింగ్, రైల్వే, అడవులు, కలప పని చేర్చి రంగాలని 16కి పెంచారు, కాబట్టి ఐటీఐ చేసినవాళ్లు, హెవీ లైసెన్సు ఉన్నవాళ్లు దీన్ని గట్టిగా పరిశీలించాలి. భాష విషయంలో మనకి కొంచెం వెసులుబాటు ఉంది, క్రియ చివర్లో రావడం, విభక్తులు పదం వెనక చేరడం మన తెలుగులాగే ఉంటాయి. కష్టమంతా చైనా లిపి నుంచి వచ్చిన కంజీ అక్షరాల దగ్గరే. శ్రద్ధగా చదివితే ఏడాది లోపే ఎన్4 దాటొచ్చు.

జీతం నెలకి 2 లక్షల యెన్లు, కాస్త అటూ ఇటూ ఉంటుంది, కోతలన్నీ పోను లక్షన్నర నుంచి లక్షా ఎనభై వేలు చేతికొస్తాయి. యెన్ విలువ బాగా పడిపోయింది, 2021లో డాలరుకి 110 దగ్గర ఉన్నది 2024లో 160 దాకా వెళ్లింది. అక్కడ తిని ఉండటానికి ఆ డబ్బు బాగానే సరిపోతుంది, రూపాయల్లోకి మార్చినప్పుడే చిన్నబోతుంది.

ఆరో ఏడాదికి వస్తే, ఈ వీసా మొదటి రకం మామూలుగా మొత్తం ఐదేళ్లే, కుటుంబాన్ని తీసుకెళ్లకూడదు. ఫ్యాక్టరీ, నిర్మాణం, హోటళ్లలాంటి చాలా రంగాల్లో పై స్థాయి పరీక్ష పాసైతే రెండో రకం వీసా వస్తుంది, దానికి కాలపరిమితి లేదు, కుటుంబం రావొచ్చు. వృద్ధుల సంరక్షణకి ఆ రెండో రకం లేదు. దానికి బదులు మూడేళ్లు పనిచేసి, శిక్షణ పూర్తి చేసి, కైగో ఫుకుషిషి అనే సంరక్షణ నిపుణుల జాతీయ పరీక్ష జపనీస్‌లో రాయాలి. ఏడాదికి ఒక్కసారే, జనవరిలో ఉంటుంది. అంటే ఐదేళ్లలో మీకు దొరికేది మహా అయితే రెండో మూడో అవకాశాలు. పాసైతే ఉండిపోవచ్చు, కుటుంబం వస్తుంది. పోతే మామూలుగా సామాను సర్దుకోవాల్సిందే. రోజంతా పనిచేసి వచ్చి రాత్రిపూట ఆ పుస్తకం తెరవగలరా అన్నది ఎవరికి వాళ్లే నిజాయితీగా ఆలోచించుకోవాలి.

బీఎస్సీ నర్సింగ్ వాళ్లకి ఒక హెచ్చరిక, దీన్ని కన్సల్టెన్సీల్లో స్పష్టంగా చెప్పడం లేదు. జపాన్‌లో నర్సుగా పనిచెయ్యాలంటే ఎన్1 అనే అన్నిటికంటే పై స్థాయి భాష, అక్కడి నర్సింగ్ జాతీయ పరీక్ష కావాలి. మీరు వెళ్లేది నర్సుగా కాదు, కేర్‌గివర్‌గా. ఐదేళ్ల తర్వాత తిరిగొస్తే ఆ అనుభవాన్ని ఇక్కడి ఆసుపత్రులు గానీ, గల్ఫ్ గానీ నర్సింగ్ అనుభవంగా తీసుకోవడం కష్టం. నాలుగేళ్లు చదివిన చదువు అలా చేజారిపోతుంది. అందుకే నర్సులకి జపాన్ నేను సలహా ఇవ్వను. ఐటీఐ, ఇంటర్, మామూలు డిగ్రీవాళ్లకి మాత్రం సంతోషంగా చెప్తాను, వాళ్లు పోగొట్టుకునేది తక్కువ, సంపాదించుకునేది ఎక్కువ.

టెక్నికల్ ఇంటర్న్, అంటే శిక్షణ పేరుతో పనికి తీసుకెళ్లే వీసా మీద ఎవరైనా పిలిస్తే మాత్రం జాగ్రత్త. 1993 నుంచి ఉన్న ఆ పద్ధతిలో యజమానిని మార్చుకునే వీలు లేకపోవడం మీద చాలా విమర్శలు వచ్చాయి, దాన్ని తీసేసి 2027లో కొత్త పద్ధతి తెస్తున్నారు. స్పెసిఫైడ్ స్కిల్డ్‌లో అయితే అదే రంగంలో కంపెనీ మారొచ్చు. ఈ రెండిటి మధ్య ఎంచుకునే అవకాశం ఉంటే రెండోదే తీసుకోండి.

గల్ఫ్: ఆరో ఏడాది ఉండదని తెలిసి వెళ్లాలి

గల్ఫ్ గురించి తక్కువే చెప్తాను, మనవాళ్లకి తెలిసిందే. సౌదీ, యూఏఈ, ఖతార్‌లో నర్సుకి సాధారణంగా రెండేళ్ల అనుభవం, ప్రోమెట్రిక్ అనే లైసెన్సు పరీక్ష, సర్టిఫికెట్లు అసలువేనని తేల్చే డేటాఫ్లో వెరిఫికేషన్ ఉంటే కొత్త భాష చదవకుండానే వెళ్లొచ్చు. ఆదాయపు పన్ను లేదు, చాలాచోట్ల వసతి ఇస్తారు. మొదటి మూడేళ్లలో చేతిలో మిగిలేది జర్మనీ కంటే ఎక్కువ ఉండొచ్చు. కానీ మీరు అక్కడ ఉండే హక్కు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, పాతికేళ్లు పనిచేసినా సాధారణంగా పౌరసత్వం రాదు. ఇంట్లో అప్పుందా, చెల్లి పెళ్లి ఉందా, స్థలం కొనాలా, అలాంటి ఒక గురి పెట్టుకుని, ఇన్నేళ్లు అని ముందే అనుకుని వెళ్లేవాళ్లకి గల్ఫ్ బాగుంటుంది. ఈసీఆర్ (వెళ్లడానికి మన ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి కావాల్సిన) జాబితాలో ఉన్న 18 దేశాలకి నర్సులు ప్రభుత్వ ఏజెన్సీల ద్వారా వెళ్లాలన్న నిబంధన 2015 నుంచి ఉంది. మన రాష్ట్రానికి ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, ముందు అక్కడ అడగండి.

దక్షిణ కొరియా ఫ్యాక్టరీ వీసా ఇప్పిస్తాం అని ఎవరైనా అంటే వెంటనే లేచి వచ్చేయండి. 2004లో మొదలైన వాళ్ల ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ పద్ధతిలో నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఉన్నాయి, మనదేశం లేదు. బ్రిటన్ కేర్ వీసా అన్నా అంతే, ఆ తలుపు మూసేశారని పైనే చెప్పాను.

ఏజెంట్ల డబ్బు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దేశం సరిగ్గా ఎంచుకుని కూడా ఇక్కడే మునిగిపోతున్నారు. మన చట్టం ప్రకారం రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ అభ్యర్థి దగ్గర తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీ 30 వేలు, దానిమీద జీఎస్‌టీ. అంతే. లక్షల్లో అడుగుతున్నారంటే ఏ పేరు మీద అడుగుతున్నారో కాగితం మీద రాయించుకోండి. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో వాళ్ల లైసెన్సు నంబరు కొట్టి చూడండి, లేకపోతే మాట్లాడాల్సిన పనే లేదు. జర్మనీలో నర్సుల నియామకానికి ఫెయిర్ రిక్రూట్‌మెంట్ ముద్ర ఒకటి ఉంది, ఆ ముద్ర ఉన్న సంస్థలైతే ఖర్చు యజమానే పెట్టుకోవాలి, నర్సు దగ్గర రూపాయి తీసుకోకూడదు. భాష ఉచితంగా నేర్పిస్తాం అని చెప్పి మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అనే బాండ్లు ఉంటాయి, ఆ పేజీ ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి.

ఇంట్లో ఎవరు మిగులుతారు

ఈ విషయం లేకుండా పోలిక పూర్తి కాదు. పిల్లలు తగ్గిపోయింది జర్మనీ, జపాన్‌లోనే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకి సగటున 1.7 మంది పిల్లలే. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదని 1994లో పెట్టిన నిబంధనని 2024 నవంబరులో మన శాసనసభే తీసేసింది. మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో సరిపెట్టుకున్న ఇళ్లు ఎన్నో మీకే తెలుసు. ఆ ఒక్కరూ ఎక్కడో ముసలివాళ్లని చూసుకోవడానికి వెళ్తే ఇక్కడి అమ్మానాన్నలని ఎవరు చూస్తారు?

కాబట్టి సెలవులు, ప్రయాణం కూడా పోల్చుకోండి. జర్మనీలో చట్టప్రకారం ఏడాదికి కనీసం నాలుగు వారాల సెలవు, చాలా ఆసుపత్రుల్లో ముప్ఫై పనిరోజులు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కి 2024 జనవరిలో నేరుగా విమానం మొదలైంది, అక్కడి నుంచి విజయవాడ రోడ్డు మీద ఐదారు గంటలు. జపాన్‌లో ఆరు నెలలు పనిచేశాక మొదటి ఏడాదికి పది రోజుల సెలవే వస్తుంది, హైదరాబాద్‌కి నేరుగా విమానం కూడా లేదు. గల్ఫ్ ఈ విషయంలో దగ్గర, గన్నవరం నుంచి షార్జాకి 2022లోనే నేరుగా సర్వీసు మొదలైంది. అమ్మానాన్నలని తీసుకెళ్లే వీలు జపాన్‌లో మామూలు వీసాలకి లేదు. జర్మనీలో 2024 మార్చి తర్వాత నివాస అనుమతి పొందిన నైపుణ్య ఉద్యోగులకి చట్టంలో ఆ వీలు ఇచ్చారు గానీ, అరవై ఐదేళ్ల వాళ్లకి అక్కడ ఆరోగ్య బీమా దొరకడం, దాని ప్రీమియం భరించడం చాలా కష్టం, కాబట్టి దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు.

అన్నో చెల్లో ఇక్కడే ఉంటారు, అమ్మానాన్నలు ఇంకా ఓపికగా ఉన్నారు, మీరు నర్సు అంటే జర్మనీకి వెళ్లండి, ఏడాదిన్నర భాషకి కేటాయించండి. ఐటీఐ అయితే జపాన్. అప్పు నెత్తిమీద ఉండి ఆగలేని పరిస్థితి అయితే గల్ఫ్‌కి వెళ్లి, తీరాక అక్కడి అనుభవంతో జర్మనీకి ప్రయత్నించండి, ఆ దారిలో వెళ్తున్నవాళ్లు ఉన్నారు. మీరు ఒక్కరే సంతానం, ఇంట్లో డయాలసిస్‌లో ఉన్నవాళ్లో పక్షవాతం వచ్చినవాళ్లో ఉంటే మాత్రం ఇప్పుడే వెళ్లొద్దని గట్టిగా చెప్తాను. ఇప్పుడు వెళ్లకపోతే ఛాన్స్ పోతుంది అని ఎవరు తొందరపెట్టినా టెన్షన్ పడకండి. వీసా నిబంధనలు మారొచ్చు, కానీ నర్సుల కొరత రెండు మూడేళ్లలో తీరేది కాదు. ఇక్కడే విజయవాడలోనో గుంటూరులోనో ఆసుపత్రిలో చేరి, డ్యూటీ అయ్యాక జర్మన్ బీ1 దాకా చదువుకోండి. ఆ రెండేళ్ల అనుభవం సర్టిఫికెట్ గల్ఫ్‌లో చాలాచోట్ల ఎలాగూ అడుగుతారు, జర్మనీలో డెఫిజిట్ గంటలు లెక్కేసేటప్పుడు కూడా పనికొస్తుంది.